ఊరెళ్ళొచ్చేసరికి బతికుండే తోట

ఉగాది దగ్గర పడుతోంది. మన పంచాంగం ప్రకారం అది వసంతం. ఇక్కడ మెల్‌బోర్న్‌లో మాత్రం ఎండలు తగ్గి ఆకులు రాలే కాలం మొదలవుతుంది. ఆస్ట్రేలియా దక్షిణ భాగంలో మొక్కలు నాటడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి సమయం లేదు. అందుకని ఈ నెల ముచ్చట టమాటాలు, బెండకాయల గురించి కాదు. ఇంటి ముందు ఖాళీగా చూస్తూ ఉండే ఆ జాగా గురించి.

మీలో చాలామంది అడిగేది ఒకటే: "తోట కావాలండీ, కానీ చాకిరీ ఉండకూడదు. ఏం పెట్టమంటారు?" నర్సరీకి వెళ్తే ప్రతి రెండో కుండీ మీదా 'లో మెయింటెనెన్స్' అనే ఉంటుంది. ఆ మాట చూసినప్పుడల్లా నాకు వచ్చే సందేహం, ఎవరి మెయింటెనెన్స్ అని. లాన్ కోయడం శనివారం ఆయన పని అనుకున్నా, రోజూ సాయంత్రం పైపు పట్టుకుని నిలబడేది, కలుపు పీకేది, ఎండిపోతే బాధపడేది ఎక్కువ ఇళ్ళలో మనమే. వంట, పిల్లలు, కొందరికి ఉద్యోగం, వీటన్నిటి పైన ఇదొకటి.

మనవాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. స్కూళ్ళకి పెద్ద సెలవులిచ్చేది డిసెంబరు మూడో వారం నుంచి జనవరి నెలాఖరు దాకా. అక్కడ సంక్రాంతీ అప్పుడే. కాబట్టి టికెట్లు తీసుకునేదీ అప్పుడే. మెల్‌బోర్న్‌లో ఉత్తరపు వడగాడ్పు కొట్టి 40 డిగ్రీలు దాటేదీ సరిగ్గా ఆ ఆరు వారాల్లోనే. పక్కింటివాళ్ళని ఒకసారి అడగొచ్చు, రెండుసార్లు అడగొచ్చు, ఏటా అడగలేం కదా.

అందుకని నా లెక్కలో మన తోటకి ఉండాల్సిన పరీక్ష ఒక్కటే. ఆరు వారాలు తాళం వేసి ఊరెళ్ళొస్తే బతికుండాలి. ఈ పరీక్షలో నెగ్గేవి ఏవి, ఎందుకు నెగ్గుతాయి అన్నదే ఈ నెల కబురు.

గరికకి ఇంత సేవా?

ముందు లాన్ సంగతి. ఇక్కడ 'కౌచ్' అని చుట్టలు చుట్టి అమ్మే పచ్చిక ఏమిటో తెలుసా? మన గరికే. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. పొలం గట్ల మీద దానంతటదే పాకే గరికని ఇక్కడ చదరపు మీటరు లెక్కన కొని, నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, కోసి, కోసినదాన్ని డబ్బాలో వేసి పంపిస్తాం. వినాయక చవితికి కావలసింది గుప్పెడు గరిక. దానికోసం ముప్ఫై చదరపు మీటర్ల సేవ అక్కర్లేదు. ఎండాకాలం నీళ్ళు ఆపితే గరిక ఎండినట్టు కనిపించి మళ్ళీ చిగురిస్తుంది, అది దాని గొప్పతనం. కానీ మెల్‌బోర్న్ చలికి అదీ పాలిపోతుంది. అంటే పచ్చగా కనిపించేది ఏడాదిలో కొన్ని నెలలే.

ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తే గొడవ ఉండదు కదా అంటారు కొందరు. జనవరి మధ్యాహ్నం దాని మీద చెప్పుల్లేకుండా ఒక్క అడుగు వేసి చూడండి, తెలుస్తుంది. తెల్ల గులకరాళ్ళూ అంతే. వేడిని కిటికీల మీదకి కొడతాయి, రెండేళ్ళలో రాళ్ళ మధ్య దుమ్ము చేరి కలుపు లేస్తుంది. రాళ్ళలోంచి కలుపు పీకడమంత విసుగు పని ఇంకోటి లేదు.

పిల్లలు ఆడుకోవడానికి వెనకాల కొంచెం పచ్చిక ఉంచుకోండి. ముందు జాగాకి మాత్రం ఈ నేలకి అలవాటు పడ్డ మొక్కలే హాయి.

అనంతపురం వాన, గుంటూరు రేగడి

మొక్కల పేర్లకి ముందు నేల సంగతి తెలుసుకోవాలి. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఇళ్ళు కట్టుకున్న టార్నీట్, ట్రుగనీనా, హాపర్స్ క్రాసింగ్, పాయింట్ కుక్ అన్నీ మెల్‌బోర్న్‌కి పడమటి వైపున్నవే. మాదీ ఆ వైపే. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 500 నుంచి 550 మిల్లీమీటర్లు. అంటే దాదాపు మన అనంతపురం వాన. తూర్పున డాండెనాంగ్ కొండల్లో వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. అటు వైపు స్నేహితురాలి తోటలో పెరిగింది మన దగ్గర పెరగడం లేదంటే తప్పు మీ చేతిది కాదు, ఆకాశానిది.

ఇక మట్టి. కిందటి ఏడాది అమ్మ వచ్చినప్పుడు నేను పలుగుతో గుంట తవ్వుతుంటే, పక్కన నిలబడి ఓ పెళ్ళ చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. "ఇది మన రేగడేనే! దీనికోసం ఇంత దూరం వచ్చావా?" అంది. అమ్మ అన్నది నిజమే. ఈ పడమటి మైదానం అంతా ఒకప్పుడు అగ్నిపర్వతాల లావా పారిన నేల. ఆ బసాల్ట్ రాయి అరిగి అరిగి ఈ బంకమట్టి అయింది. దక్కను పీఠభూమిలో నల్లరేగడి ఏర్పడిన తీరూ ఎక్కువగా అదే. వానకి ఉబ్బి చెప్పులకి అంటుకుపోవడం, ఎండకి బీటలు తీయడం, అన్నీ మనకి తెలిసిన గుణాలే. ఇళ్ళ పునాదులు ఇక్కడ ప్రత్యేకంగా వేసేదీ ఇందుకే.

కొత్త ఎస్టేట్లలో ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఇల్లు కట్టేటప్పుడు పై మట్టి గీకేస్తారు. మిగిలేది అడుగు బంక, అందులో ఇటుక ముక్కలు. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. గాజు గ్లాసులో వాననీళ్ళో, డిస్టిల్డ్ వాటరో పోసి, బఠాణీ గింజంత ఎండు మట్టిగడ్డ మెల్లగా జారవిడవండి. కదపకుండా ఒక పూట వదిలేయండి. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు పడితే ఆ బంకలో సోడియం ఎక్కువని అర్థం. అలాంటి నేలకి జిప్సం పనిచేస్తుంది. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేసి, మట్టి రేణువుల్ని గుత్తులుగా చేరుస్తుంది. నీళ్ళు దిగడానికి దారి ఏర్పడుతుంది. మబ్బు పట్టకపోతే జిప్సం కొనక్కర్లేదు, ఆ డబ్బులు మిగిలినట్టే.

గుంటలో సంచీల కొద్దీ పాటింగ్ మిక్స్ నింపకండి. చుట్టూ బంక, మధ్యలో గుల్ల మట్టి ఉంటే అది కుండలా మారి, శీతాకాలంలో నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి. తవ్విన మట్టినే పొడి చేసి తిరిగి వేయండి. నీరు నిలిచే చోట ఓ అడుగు ఎత్తు మెరక పోసి దాని మీద నాటండి.

నేటివ్ అంటే ఎక్కడి నేటివ్?

ఇక్కడ చాలామంది తికమక పడే మాట ఇది. 'ఆస్ట్రేలియన్ నేటివ్' అని రాసి ఉంటే చాలు, ఎక్కడైనా పెరుగుతుందనుకుంటాం. ఆస్ట్రేలియా ఒక ఖండం. క్వీన్స్‌లాండ్ వానల అడవిలో పుట్టిన మొక్క టార్నీట్ బంకలో పెరగాలనడం, కాశ్మీరు ఆపిల్ గుంటూరులో కాయాలనడం లాంటిదే. మీ సబర్బ్ పేరు చెప్పి 'ఇండిజినస్' మొక్కలు అడగండి. ఆ మాటకి ఇక్కడి నర్సరీ భాషలో అర్థం, ఆ చుట్టుపక్కల సహజంగా పెరిగినవి అని.

మన ఇళ్ళున్న చోట ఇదివరకు ఏముండేదో తెలుసుకుంటే ఆ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ మైదానంలో పెద్ద చెట్లు తక్కువ. మోకాలెత్తు గడ్డి, దాని మధ్యలో వసంతంలో విచ్చుకునే చిన్న చిన్న పూలు. వదవురుంగ్, బునురోంగ్ ప్రజల నేల ఇది. వాళ్ళ ఆడవాళ్ళు కర్రలతో తవ్వి 'ముర్నాంగ్' అనే పసుపు పువ్వు మొక్క దుంపల్ని తీసుకెళ్ళి కాల్చి తినేవారు. తవ్వేటప్పుడు మట్టి గుల్లబారి, మిగిలిన దుంపలు ఇంకా బాగా పెరిగేవి. 1830ల్లో గొర్రెల మందలు వచ్చాక ముర్నాంగ్ కొద్ది కాలంలోనే చాలా చోట్ల కనపడకుండా పోయింది. ఆ గడ్డి మైదానాల్లో ఇప్పుడు నూటికి ఐదు పాళ్ళు కూడా మిగల్లేదు. 2008లో దేశ ప్రభుత్వం వీటిని అత్యంత ప్రమాదంలో ఉన్న ప్రకృతి సమూహాల జాబితాలో చేర్చింది. మన కొత్త ఎస్టేట్లు వచ్చిందీ ఆ నేల మీదే. ఇల్లు కట్టుకున్నందుకు బాధపడమని కాదు, కానీ ముందు జాగాలో నాలుగు గుబుర్లు వెనక్కి పెడితే ఆ నేలకి మనం ఇవ్వగలిగేది ఇచ్చినట్టు.

ఇదే లెక్క తిరగేసి కూడా చూడాలి. మనకి దేవతలాంటి వేపచెట్టు నార్తర్న్ టెరిటరీలో అధికారికంగా కలుపు మొక్క. మన జిల్లేడు అక్కడే 'రబ్బర్ బుష్' పేరుతో పశువుల బీళ్ళు ఆక్రమించింది. మన నల్లతుమ్మ క్వీన్స్‌లాండ్‌లో దేశస్థాయి కలుపుల జాబితాలో ఉంది. రేగుచెట్టు అక్కడ 'చైనీ ఆపిల్' అనే పేరుతో రైతుల్ని ఏడిపిస్తోంది. చెట్టు మంచిదే, చోటు మారింది. అందుకే ఊరి నుంచి వచ్చేటప్పుడు ఎంత ఇష్టమైన విత్తనమైనా ఎయిర్‌పోర్టులో చెప్పకుండా తేకండి. జరిమానా సంగతి పక్కన పెట్టినా, దాని వెంట వచ్చే పురుగూ తెగులూ మన ఒక్క పెరటితో ఆగవు.

గజేనియా అనే మెరిసే పూల మొక్క చవగ్గా దొరుకుతుంది, నీళ్ళు అడగదు, పీకినా చావదు. పడమటి విక్టోరియాలో అది గడ్డి మైదానాల్లోకి పాకే కలుపు. 'చాకిరీ లేనిది' అన్న ప్రతిదీ మంచిది కాదనడానికి అదొక్కటి చాలు.

ఏమేం పెట్టాలి

బీజడ్సీ చదివిన రోజుల్లో నన్ను విసిగించిన వర్గీకరణ పాఠాలు ఇక్కడికొచ్చాక భలే పనికొచ్చాయి. పేర్లు కొత్తవైనా చుట్టరికాలు పాతవే.

కంగారూ గ్రాస్: పేరు కంగారూ అయినా ఈ గడ్డి ఆఫ్రికాలోనూ ఉంది, మన భారతదేశపు కొండ బీళ్ళలోనూ ఉంది. జొన్న, చెరకు దీనికి దగ్గర చుట్టాలు. వేసవిలో ఎర్ర గోధుమ రంగు కంకులు వేస్తుంది. అమ్మకి ఇది చూపిస్తే, "గడ్డిని డబ్బులిచ్చి కొన్నావుటే?" అని ఒకటే నవ్వు.

లోమాండ్రా: గడ్డిలా కనిపించే గట్టి ఆకుల గుబురు. ఎండ, నీడ, బంక, కరువు, దేనికీ లొంగదు. ఒక్కటే పెట్టే ఓపిక ఉంటే ఇది పెట్టండి.

డయనెల్లా: నీలం పూలు, నీలం పండ్లు. పండ్లు అందంగా ఉన్నా పిల్లల్ని తిననివ్వకండి. దీని అసలు ఉపయోగం వెనక పెరటికి, అది తర్వాత చెప్తాను.

మయోపోరం, లేదా క్రీపింగ్ బూబియాలా: నేల మీద చాపలా పరుచుకునే తీగ. ఒక్క మొక్క మీటరు పైన పాకుతుంది. తెల్లటి చిన్న పూలు. కలుపుకి ఎండ తగలనివ్వదు కాబట్టి పీకే పని తగ్గుతుంది.

కొరియా: గంటల్లా వేలాడే పూలు. ఇది పూసేది ఆకురాలు కాలం నుంచి శీతాకాలం అంతా. మన శ్రావణ మాసం ఇక్కడ నడి చలిలో వస్తుంది కదా, మందారం ముడుచుకుపోయి, బంతి అయిపోయి ఉంటుంది. వరలక్ష్మీ వ్రతానికి కొట్లో పూలు కొనడానికి ముందు కొరియా కొమ్మలు, హార్డెన్‌బెర్గియా తీగ ఊదారంగు గుత్తులు కోసి చూడండి. హార్డెన్‌బెర్గియా మన శంఖుపువ్వు కుటుంబమే, కంచె మీద అల్లుకుంటుంది.

గోల్డ్ డస్ట్ వాటిల్: మనిషెత్తు దాటని చిన్న తుమ్మ జాతి పొద. శీతాకాలం చివర పసుపు బంతులు గుప్పుమంటాయి. ఈ దేశపు జాతీయ పుష్పం గోల్డెన్ వాటిల్ కూడా తుమ్మ చుట్టమే, 1988లో అధికారికంగా ప్రకటించారు.

గ్రెవిలియా: అరకు కాఫీ తోటల్లో మిరియాల తీగలు పాకించే సిల్వర్ ఓక్ చూశారా? అది ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి వచ్చిన గ్రెవిలియానే. ఇక్కడ ఇళ్ళకి పొద రకాలు పెట్టుకుంటారు. తేనె తాగే పిట్టలు తెల్లారగానే హాజరు.

ఎల్లో బటన్స్: నేలబారు వెండి ఆకులు, బొత్తాల్లాంటి పసుపు పూలు. బంతి కుటుంబం. ఎండినా రంగు నిలుస్తుంది, గుమ్మానికి దండ కూడా గుచ్చుకోవచ్చు.

లిల్లీపిల్లీ: కంచె పక్కన గోడలా పెంచే ఈ చెట్టు మన నేరేడుకి తోబుట్టువు. గులాబీ రంగు పండ్లు పుల్లగా ఉంటాయి, జామ్ చేస్తారు. అయితే దీని పుట్టిల్లు తూర్పు తీరపు వాన అడవులు. మన పడమటి వైపు మొదటి రెండు వేసవులు నీళ్ళు అడుగుతుంది. ఆరు వారాల పరీక్షలో ఇది బొటాబొటీగా పాసయ్యే రకం. నీళ్ళు అసలు పెట్టలేమనుకుంటే బదులుగా వెస్ట్రింజియా పెట్టండి, కత్తిరిస్తే చక్కటి కంచె అవుతుంది.

చెట్టు కావాలంటే ఒక బాటిల్‌బ్రష్ చాలు. రేగడి నేల కదా, చెట్టు వేళ్ళు పునాది పక్కన తేమ లాగేస్తే గోడలు బీటలిస్తాయి. అది ఎంత ఎత్తు ఎదుగుతుందో కనీసం అంత దూరంలో పెట్టడం క్షేమం.

ఖర్చు లెక్క

ముప్ఫై చదరపు మీటర్ల ముందు జాగాకి నేను వేసే లెక్క ఇది. చిన్న చెట్టు 1, పొదలు 6, పాకేవి 12, గడ్డి గుబుర్లు 30, పూల మొక్కలు 15. మొత్తం 64. వీటిని పెద్ద కుండీల్లో కొనకండి. 'ట్యూబ్‌స్టాక్' అని వేలెడు వెడల్పు గొట్టాల్లో చిన్న మొక్కలు దొరుకుతాయి, ఒక్కోటి దాదాపు ఒక కాఫీ ధర. నాలుగు డాలర్లు అనుకుంటే మొత్తం 256 డాలర్లు. చిన్నప్పుడే నేలలోకి వెళ్ళిన వేరు చుట్టలు చుట్టుకోకుండా కిందికి దిగుతుంది. రెండో ఏటికి పెద్ద కుండీ మొక్కని దాటిపోవడం మామూలే. కొన్ని కౌన్సిళ్ళు ఇంటివాళ్ళకి స్థానిక మొక్కలు ఉచితంగా ఇస్తాయి, మీ కౌన్సిల్‌ని ఒకసారి అడగండి.

పైన పరిచే చెక్క ముక్కల మల్చ్ ఏడు సెంటీమీటర్ల మందం ఉండాలి. 30 ని 0.07 తో గుణిస్తే రెండు ఘనపు మీటర్లు పైచిలుకు. సంచీల్లో కాకుండా ట్రైలర్ లోడు తెప్పించుకుంటే చవక. మొక్క మొదలుకి తగలకుండా బెత్తెడు వదలండి.

ప్రేమ ఎక్కువైతే చచ్చిపోయే మొక్కలు

మనవాళ్ళ చేతిలో గ్రెవిలియా, బ్యాంక్సియా లాంటివి ఎక్కువగా పోయేది నీళ్ళు లేక కాదు, ఎరువు ఎక్కువై. ఆస్ట్రేలియా నేలలు చాలా పాతవి, చాలా చోట్ల ఫాస్ఫరస్ అంతంతమాత్రం. ఈ కుటుంబం మొక్కలు ఆ కొద్దిపాటి ఫాస్ఫరస్‌ని పట్టుకోవడానికి కుంచెలాంటి వేళ్ళ గుత్తులు వేస్తాయి. ఆ గుత్తుల నుంచి ఆమ్లాలు కారి, మట్టిలో ఇరుక్కున్న ఫాస్ఫరస్‌ని కరిగిస్తాయి. ఇలా కరువులో సంపాదించడం నేర్చిన మొక్కకి మనం కోళ్ళ పెంట ఎరువు గుమ్మరిస్తే, వద్దనడం దానికి చేతకాదు. పీల్చుకుంటూనే పోతుంది, ఆకులు మాడిపోతాయి. వీటికి ఎరువు వేయకపోయినా నష్టం లేదు. వేయాలనిపిస్తే 'నేటివ్' అని రాసి ఉన్న, ఫాస్ఫరస్ తక్కువున్నదే వేయండి. కోళ్ళ ఎరువు వంకాయలకి దాచండి.

నీళ్ళదీ ఇదే కథ. రోజూ సాయంత్రం పైపైన చల్లితే వేళ్ళు పైనే ఉంటాయి. మనం విమానం ఎక్కగానే ముందు ఎండేది ఆ పై మట్టే. పది రోజులకోసారి, నీరు అడుగు లోతు దిగేలా నిదానంగా పెట్టండి. వేరు తేమని వెతుక్కుంటూ కిందికి వెళ్తుంది. మెల్‌బోర్న్‌లో ట్రిగ్గర్ ఉన్న పైపుతో ఎప్పుడైనా తడపొచ్చు, స్ప్రింక్లర్, డ్రిప్ లాంటివి మాత్రం సాయంత్రం 6 నుంచి ఉదయం 10 లోపే. 1997 నుంచి 2009 దాకా సాగిన కరువు నేర్పిన అలవాటు ఇది.

మొదటి ఏడాది మాత్రం పని ఉంటుంది

ఇది దాచకుండా చెప్పాలి. చాకిరీ లేని తోట అంటే చాకిరీ మొత్తం మొదటి ఏడాదే చేసేసిన తోట. వరస ఇది.

మార్చి: పచ్చిక, కలుపు తీసేయడం. పచ్చిక మీద అట్టపెట్టెల అట్టలు పరిచి తడిపి, పైన మల్చ్ వేస్తే కొన్ని వారాల్లో చాలావరకు చస్తుంది. గరిక మాత్రం మొండిది, వేరు తవ్వి తీయాల్సిందే.

ఏప్రిల్, మే: ఉగాది దాటి మొదటి మంచి వాన పడ్డాక నాటడం. ఏప్రిల్ 25 ఆన్జాక్ డే సెలవుని ఇంటిల్లిపాదీ ఈ పనికి వాడుకోవచ్చు. చలికి ఆకులు ఎదగకపోయినా లోపల వేళ్ళు సాగుతూనే ఉంటాయి. డిసెంబరు నాటికి ఏడు నెలల వేరు ఉంటుంది. సెప్టెంబరులో నాటితే మూడు నెలలే. మన ప్రయాణాల లెక్కలో ఆ నాలుగు నెలల తేడాయే చావు బతుకుల తేడా.

జూన్ నుంచి ఆగస్టు: వారానికి ఒక పావుగంట కలుపు. అంతే.

అక్టోబరు, నవంబరు: మల్చ్ తగ్గిన చోట నింపడం, లోతుగా తడపడం.

మొదటి డిసెంబరు: ఈ ఒక్కసారికి ఎవరినైనా అడగండి, లేదా టైమరుతో డ్రిప్ పెట్టండి. పది రోజులకోసారి తడిస్తే చాలు. రెండో వేసవి నుంచి మామూలుగా మల్చ్ చాలు, వెళ్ళే ముందు ఒక మంచి తడి ఇవ్వండి.

ఆ తర్వాత ఏటా ఉండేది పూలు అయిపోయాక పొదల చివర్లు కత్తిరించడం, శీతాకాలం చివర గడ్డి గుబుర్లు జానెడు ఎత్తుకి కోయడం. ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కొట్టేయకండి, చాలా పొదలు అక్కడ నుంచి మళ్ళీ చిగురించవు.

వెనక పెరడు మనదే

ఇదంతా చదివి "మరి నా కరివేపాకు?" అనకండి. కరివేపాకు, తులసి, గోంగూర, మల్లె లేకుండా మనకి ఇల్లు ఇల్లులా ఉండదు. నేను చెప్పేది పంపకం గురించి. ముందు జాగా ఈ ఊరికి, వెనక పెరడు మనకి. ముందు నుంచి మిగిలిన నీళ్ళు, ఓపిక వెనకాల పెట్టొచ్చు. కరివేపాకుని కుండీలో ఉత్తరం వైపు గోడకి చేర్చండి. భూమికి ఈ పక్కన సూర్యుడు ఉత్తరంగా తిరుగుతాడు, దక్షిణం గోడ శీతాకాలంలో ఎండ చూడదు.

ఇందాక డయనెల్లా గురించి చెప్తానన్నాను కదా. వంకాయ, టమాటా పూలలో పుప్పొడి చిన్న గొట్టాల్లో మూసి ఉంటుంది. తేనెటీగ దాన్ని దులపలేదు. ఆస్ట్రేలియా సొంత ఈగ ఒకటుంది, బ్లూ బ్యాండెడ్ బీ, పొట్ట మీద నీలం చారలు. అది పువ్వుని పట్టుకుని ఒళ్ళంతా జుయ్యిమని వణికిస్తుంది, పుప్పొడి ఉప్పులా రాలుతుంది. డయనెల్లా పూలదీ అదే ఏర్పాటు. ముందు డయనెల్లా ఉంటే ఆ ఈగ మన వీధికి అలవాటవుతుంది, వెనక వంకాయకీ సాయపడుతుంది. ముందు తోట వెనక తోటని పోషించడం అంటే ఇదే.

తినే నేటివ్ కావాలంటే వారిగల్ గ్రీన్స్ వేయండి. కెప్టెన్ కుక్ ఓడలోవాళ్ళు స్కర్వీ రాకుండా తిన్న ఆకుకూర. బచ్చలి లాగే పప్పులో బావుంటుంది. ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి ముందు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. వేసవిలో దానంతటదే మొలిచే గంగవాయిలి కూర, మా వైపు పాయలకూర అంటాం, అదీ ఈ నేలకి పాత కాపే. తుంచితే పాలు కారితే మాత్రం అది వేరే మొక్క, తినకూడదు.

మీరు అడగబోయే రెండు ప్రశ్నలు

పాములు రావా? పడమటి శివార్లలో టైగర్, బ్రౌన్ పాములు ఉన్న మాట నిజం. గుబుర్లని గుమ్మానికి, నడిచే దారికి ఆనించి పెట్టకండి. మధ్యలో నేల కనిపించేంత ఎడం ఉంచండి. రాళ్ళ కుప్పలు, రేకులు, ఎలుకలకి దొరికే గింజలు ఉంచకండి. పాము కనిపిస్తే దూరంగా జరిగి, పాములు పట్టేవాళ్ళని పిలవండి.

గడ్డి పుప్పొడితో ఎలర్జీ రాదా? మెల్‌బోర్న్‌లో ముఖ్య దోషి యూరప్ నుంచి వచ్చిన రైగ్రాస్. 2016 నవంబరు 21 సాయంత్రం ఉరుముల గాలితో కలిసిన దాని పుప్పొడి ఆస్తమాగా మారి పదిమంది ప్రాణాలు తీసింది. ఆ రోజు ఇబ్బంది పడ్డవాళ్ళలో మన ఉపఖండం నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. కంగారూ గ్రాస్ పుప్పొడి కూడా గాలికే పోతుంది కాబట్టి ఇంట్లో ఆస్తమా ఉంటే అది మానేసి, పురుగులూ పిట్టల మీద ఆధారపడే డయనెల్లా, కొరియా, గ్రెవిలియా పెంచండి.

మిగతా ఊళ్ళవాళ్ళకి రెండు మాటలు. పెర్త్ ఇసుకలో బ్యాంక్సియా, కంగారూ పా హాయిగా ఉంటాయి. బ్రిస్బేన్‌లో లిల్లీపిల్లీ, తినే పండ్ల మిడ్యిమ్ బెర్రీ. సిడ్నీ పడమటి బంకలో లోమాండ్రా, వెస్ట్రింజియా. సూత్రం అన్నిచోట్లా ఒకటే, మీ వీధి చివర వాగు పక్కన ఎవరూ నీళ్ళు పెట్టకుండా ఏం పెరుగుతోందో చూడండి.

కొనే ముందు ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని మెల్టన్ బొటానిక్ గార్డెన్‌కి వెళ్ళండి. మన పడమటి వానకి, మట్టికి ఏవి నిలుస్తాయో కళ్ళతో చూడొచ్చు. ఇంకొంచెం తీరికుంటే క్రాన్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియన్ గార్డెన్, 2006లో తెరిచారు. నచ్చినదాని పక్కన బోర్డు ఫొటో తీసుకోండి, నర్సరీలో పేరు పలకడానికి తంటాలు పడక్కర్లేదు.

ఒకేసారి మొత్తం జాగా తవ్వేయక్కర్లేదు. ఈ ఉగాదికి గేటు పక్కన మూడు చదరపు మీటర్లు చాలు. ఆరేడు ట్యూబ్‌స్టాక్ మొక్కలు, దాదాపు 210 లీటర్ల మల్చ్ లెక్కన మొదలుపెట్టండి. వచ్చే జనవరి చివర్లో సూట్‌కేసులు దింపుతూ ఏది నిలిచిందో చూసి, మిగతా జాగాకి అదే ఇంకో పది కొనండి.

వచ్చే నెల కుండీలో కరివేపాకుని మెల్‌బోర్న్ చలి నుంచి కాపాడడం ఎలాగో చూద్దాం.